హన్మంతు చూసిన మూడు ఇండ్లు

తరిగొప్పుల చుట్టుపక్కల పది ఊళ్లలో ఒకప్పుడు గూన ఇల్లు కప్పాలంటే హన్మంతు రావాల్సిందే. వేరేవాళ్లు కప్పిన ఇల్లు మొదటి వానకే కురిసేది. హన్మంతు కప్పిన ఇంట్లో శ్రావణమంతా కూర్చున్నా నెత్తిన చుక్క పడేది కాదు. మనిషి బక్కపలచన, మాట తక్కువ, కోపం ముక్కు మీద. పని దగ్గర ఎవరైనా సలహా చెప్పబోతే నిచ్చెన దిగి, తువ్వాల దులుపుకుని ఇంటిదారి పట్టేవాడు. మళ్లీ బతిమాలి తెచ్చుకోవాల్సిందే. ఆ పొగరు ఆయనకు చెల్లింది, పని అలాంటిది మరి.

గూన అంటే కుమ్మరి చేసిన మట్టి పెంకు, సగానికి చీల్చిన గొట్టంలా ఉంటుంది. వాసాల మీద ఒక వరస వెల్లకిలా పరిచి, దాని మీద ఇంకో వరస బోర్లా పరచాలి. పైన ఎంత ఎండ కాసినా ఆ పెంకుల నడుమ గాలి తిరిగి ఇల్లు చల్లగా ఉంటుంది. ఏటా వానలకు ముందు ఒకసారి పగిలినవి తీసి, జరిగినవి సర్దుకోవాలి.

ఆ సర్దడానికి ఒక పద్ధతి ఉంది. పైనున్నవాడికి సందులు కనపడవు. లోపల నిలబడ్డవాళ్లకే కనపడతాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు తలుపులు మూసి చూస్తే, ఎక్కడ సందు ఉందో సరిగ్గా దాని కింద నేల మీద రూపాయి బిళ్లంత వెలుతురు పడుతుంది. లోపలి మనిషి పొడుగు వెదురు కట్టెతో ఆ సందు పక్క పెంకును రెండుసార్లు కొట్టాలి. పైనున్నవాడు పెంకు సర్ది, అయిపోయిందని తానూ రెండుసార్లు కొడతాడు. పొద్దు వాలిందంటే వెలుతురు ఏటవాలుగా ఎక్కడో గోడ మీద పడుతుంది, ఏ సందుదో తెలియదు. అందుకే ఆ పని ఎప్పుడు చేసినా మిట్టమధ్యాహ్నమే. కింద ఆ కట్టె పట్టుకున్నది ముప్పై ఏళ్లుగా ఆయన భార్య సుమిత్ర.

ఇంట్లో హన్మంతు పొద్దంతా నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఇంటి మీదికెక్కితే మాత్రం మనిషే మారిపోయేవాడు. ఆమె కింద నుంచి రెండు కొడితే, రెండు కొట్టాల్సిన చోట ఊరికే మూడు కొట్టేవాడు, ఆటపట్టించడానికి. "దిగినంక జెప్త నీ సంగతి!" అని ఆమె లోపల్నుంచి అరిచేది. ఇల్లుగలవాళ్లు నవ్వుకునేవారు. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఇద్దరికీ ఉంది, లేదని ఎందుకు చెప్పాలి? అయినా కట్టెకు ఆ చివర ఆయన, ఈ చివర ఆమె, అలా ముప్పై ఏళ్లు వెళ్లదీశారు.

తర్వాత కోతులొచ్చాయి. గుట్టల మీద తినడానికేం దొరక్క ఊళ్ల మీద పడ్డాయి పాపం అనుకుందామన్నా, అవి చేసిన ఆగం తలుచుకుంటే పాపం అనబుద్ధి కాదు. ఒక మూక ఇంటి మీదుగా నడిచిపోతే వంద పెంకులు గల్లంతు. పప్పు ఉడికే వాసన వస్తే చాలు, పెంకు పీకి లోపలికి చెయ్యి పెట్టి తడిమేవి. ఏడాదికి నాలుగుసార్లు కప్పించుకోలేక జనం గూన దింపి సిమెంటు రేకులు వేసుకున్నారు. హన్మంతుకు పని పోయింది. చివరికి తరిగొప్పులలో గూన ఇల్లు ఒక్కటే మిగిలింది, అది ఆయనదే.

దాన్ని దింపించింది సుమిత్ర. తర్వాత ఈ సంగతి తలుచుకుని ఆమె ఎంత కుమిలిపోయిందో ఆమెకే తెలుసు. కరోనా పోయిన మరుసటి ఏడు, కోతులు అటక మీది బియ్యం బస్తా చింపేసిన రోజు ఆమె ఇల్లు పీకి పందిరేసింది.

"ఊరంత రేకులేసుకున్నరు. మనమొక్కలమే కోతులకు సత్రం పెట్టినం. రోజు కట్టె పట్టుకొని కొట్టుడు నాతోని గాదు. రేకులెయ్యి, లేకుంటే నేను మా తల్లిగారింటికి పోత."

హన్మంతు రెండు రోజులు ఇంటి చుట్టూ తిరుగుతూ కప్పు చూసుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే ఎక్కి, ఒక్కో పెంకూ పగలకుండా దింపాడు. కొనడానికి వచ్చినవాణ్ని వాకిట్లోనుంచే పంపేశాడు. మూడు వేల గూన ఇంటి వెనక గోడకు ఆనించి పేర్చాడు. "అవెందుకింక?" అంటే, "పడుండనియ్యి, అన్నమడుగుతలేవు గద" అన్నాడు.

రేకుల కింద మొదటి ఎండాకాలం ఆమెకు తత్వం బోధపడింది. మధ్యాహ్నం ఇంట్లో స్టీలు బిందె ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఇద్దరూ తువ్వాల తడిపి కప్పుకుని బయట వేపచెట్టు కింద పడుకునేవారు. ఆయన ఒక్కసారి కూడా "నువ్వే గదా" అనలేదు. అంటే బాగుండేదని ఆమెకు అనిపించేది.

పోయినేడు కార్తీకంలో సుమిత్ర కాళ్లు వాచాయి. ముఖం ఉబ్బింది. నాటుమందులు వాడారు, ఆర్‌ఎంపీ సూదులు వేశాడు, చివరికి జనగామ దవాఖానకు పోతే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఖర్చు లేదు, కానీ బతికున్నన్నాళ్లూ తప్పదు. అక్కడి డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరచి చెప్పింది.

"నీళ్లు రోజుకు అరలీటరే తాగాలె. ఒంట్లకెల్లి బయటికి పోయే తొవ్వ లేదు గాబట్టి, ఎక్కువ తాగితే ఊపిరితిత్తులల్ల చేరుతయి. అప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను. ఎండకు దూరంగుండు. ఉక్కపోస్తే దూప, దూపైతే తాగుతవు. జర సల్లటి తావుల ఉండమ్మా."

హన్మంతు ఆ మాట పట్టుకున్నాడు. అరలీటరు సీసాకు మేకుతో మూడు గీతలు గీశాడు, పొద్దుటికి ఇంత, మధ్యాహ్నానికి ఇంత, రాత్రికి ఇంత అని. ఇంట్లోని నీళ్ల కుండ తీసుకెళ్లి బయట అరుగు మీద పెట్టాడు. ఆ రోజు నుంచి ఆమె చూస్తుండగా ఆయన ఒక్క గుక్క నీళ్లు తాగలేదు. అన్నం తిని, పొలమారినా సరే, బయటికి వెళ్లి తాగి వచ్చేవాడు. "నా ముందట తాగితే నేనేమన్న గుంజుకుంటనా?" అని ఆమె ఒకసారి కసిరింది. "నాకు బయట గాలి మంచిగొస్తది" అన్నాడు, అబద్ధం చెప్పడం చేతగాని మనిషి.

ఇక ఇల్లు మారాలి. ఉన్న ఇంటికి కిరాయి లేదు, చుట్టూ మనవాళ్లు, రెండెకరాల చెలక. కానీ రేకుల కింద చైత్రం దాటితే సుమిత్ర బతకదు. పైగా నర్మెట్ట మీదుగా జనగామకు వారానికి మూడుసార్లు బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు సరే, ఆయనకుంది, ఆటోలున్నాయి, దారిలో చాయ్ ఉంది, పోయిన రోజల్లా ఆయన కూలి పోయినట్టే. జనగామలోనే గది తీసుకుందామని తిరిగాడు. చవకగా దొరికేవన్నీ డాబా మీది గదులు, పొయ్యి మీద పెనమే నయం. అదీ సరేననుకుంటే, డయాలసిస్ అన్న మాట వినగానే ఇంటివాళ్లు తలుపు వేసుకున్నారు. మన దగ్గర సంగతి తెలిసిందే కదా, కిరాయి ఇంట్లో మనిషి పోతే ఇల్లుగలవాళ్లకు గిట్టదు. శవాన్ని లోపల పెట్టనివ్వరు, ఆ తర్వాత ఎవరూ ఆ ఇంట్లో దిగరని వాళ్ల భయం. ఒకావిడైతే మొహం మీదే అంది, "మంచిగున్నోళ్లకు ఇయ్యనీకే భయపడుతున్నం పెద్దమనిషీ" అని.

బయ్యారం దగ్గర తండాలో జాల్యా ఉన్నాడు. ఇరవై ఏళ్ల కింద బావుల పూడిక పనికి తరిగొప్పుల వైపు వచ్చి హన్మంతుకు దోస్తయినవాడు. సంగతి విని తానే ఫోన్ చేశాడు. "మా అమ్మ ఇల్లు ఖాలీగనే ఉన్నది రా. గూనదే. నాకు కిరాయి వద్దు, ఇంట్ల దీపం ఉంటే చాలు."

ఇల్లు చూడటంలో హన్మంతు పద్ధతి వేరు. గోడలు చూడడు, వాకిలి చూడడు. మధ్యాహ్నం రెండింటికి లోపలికి పోయి, చొక్కా విప్పి, వట్టి నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అరగంటలో వీపు కింద చెమట పడితే ఆ ఇల్లు పనికిరాదు. జాల్యా వాళ్లమ్మ ఇంట్లో అలా పడుకున్నవాడు గంటన్నర నిద్రపోయాడు. మట్టి గోడలు, రెండు వైపులా చింతచెట్లు, వంద కోతులు వచ్చినా ఆ తండాలో కుక్కలు ఊరుకోవు. మాఘంలో అక్కడికి మారారు.

నిజం చెప్పాలంటే సుమిత్రకు బాగా నచ్చిన ఇల్లు అదే. జాల్యా భార్య తమ భాషలో ఏదో పాడుతూ జొన్నలు చెరిగేది, ఈమె అర్థం కాకపోయినా వింటూ కూర్చునేది. కానీ డయాలసిస్ మానుకోట దవాఖానలో. తెల్లవారుజామున తండా నుంచి రోడ్డు దాకా నడక, అక్కణ్నుంచి షేరాటో, ఆ తర్వాత బస్సు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి దిగాక ఆమెకు కాళ్లు తేలిపోయేవి. ఫాల్గుణం చివర ఒక రోజు మిషన్ దగ్గరే ఆలస్యమైంది. బయటపడేసరికి ఒంటిగంట. బస్సు పోయింది, ఆటోవాడు ఇద్దరి కోసం కదలనన్నాడు. రెండు గంటలు ఆ రోడ్డు మీద నిలబడ్డారు. ఆయన ఎండకు తన తువ్వాల ఆమె నెత్తిన కప్పి, ఆటో వెతకడానికి అటు పోగానే, ఆమె పక్కన చెరుకురసం బండివాణ్ని అడిగి రెండు గ్లాసుల మంచినీళ్లు గటగటా తాగేసింది. ఆపుకోలేకపోయింది. దూప అంటే అలాంటిది.

ఆ రాత్రికే ఊపిరి ఆడలేదు. మళ్లీ దవాఖాన, ఆక్సిజన్, రెండు రోజులు చావు దాకా పోయి వచ్చింది. హన్మంతు మంచం పక్కన కూర్చుని ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ముప్పై ఏళ్లలో ఆమె అది చూడలేదు.

"ఇల్లు సల్లగుంటే సాలదే. తొవ్వ గూడ సల్లగుండాలె. నాకు గా సంగతి తెల్వలే" అన్నాడు.

సుమిత్ర తమ్ముడు సాగర్ భూపాలపల్లిలో ఉంటాడు. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కింద టిప్పర్ నడుపుతాడు, ఒక్క గదిలో నలుగురు ఉంటారు. "బావా, ఇక్కడికి రాండ్రి. దవాఖాన ఊళ్లెనే ఉన్నది, ఆటోల పది నిమిషాలు" అన్నాడు. అన్నాడే గానీ, భూపాలపల్లి ఎండ సంగతి అందరికీ తెలుసు. బొగ్గు ఊరు. నేల కింద బొగ్గు, నేల మీద బొగ్గు, లారీల దుమ్ము, ఆ పక్కన కరెంటు తయారీ. మేలో బయటికి పోయినవాడి పెదవులు పగిలి రక్తం వస్తుంది. కిరాయిలు జనగామను తలదన్నుతాయి. గనుల్లో పర్మినెంటు వాళ్లకు క్వార్టర్లు, ఏసీలు. మిగతావాళ్లకు రేకుల గదులు, నెలకు నాలుగు వేలు.

చైత్రంలో హన్మంతు వచ్చి మూడు రోజులు తిరిగాడు. ఏడు గదుల్లో నేల మీద పడుకుని చూశాడు. ఇంటివాళ్లు ఈయనకు పిచ్చేమోనని నోరు వెళ్లబెట్టారు. ఎనిమిదోది ఊరి చివర, తోటల పక్కన, తలుపు ఊడిన పాత గూన ఇల్లు. సగం కప్పు కోతులు పీకేశాయి, ఆకాశం కనపడుతోంది. మూడేళ్లుగా ఎవరూ ఉండటం లేదు. దాని యజమాని అమర్‌కు బజారులో సిమెంటు దుకాణం ఉంది. హన్మంతు ఆ దుకాణం మెట్లు ఎక్కి, బేరం తనే పెట్టాడు.

"కప్పు నేనే కప్పుకుంట. గూన గూడ నాదే. కిరాయి వెయ్యి జేస్తవా?"

అమర్‌కు నష్టమేముంది? సరేనన్నాడు. కానీ సాగర్ ద్వారా జబ్బు సంగతి విన్నాక ఇల్లు చూడటానికి వచ్చి, వాకిట్లో నిలబడి, గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. ఇల్లు చూసుకోవడానికి సాగర్ వెంట వచ్చిన సుమిత్ర గోడ ఇవతల ఆటోలో కూర్చుని ఉంది, అంతా వినపడింది.

"అన్నా, తప్పుగ అనుకోకు. అక్కకు రేపు ఏమన్న అయితే మాత్రం లోపట పెట్టొద్దు. దవాఖానకెల్లి సీదా మీ ఊరికి తీస్కపోవాలె. ఇంటికి పేరు పడితే మల్ల ఎవలు దిగరు."

"గట్లనే" అన్నాడు హన్మంతు. "గంత దూరం రానియ్య" అని కూడా అన్నాడు. సుమిత్రకు గుండె కలుక్కుమంది, ఆయన రెండో మాటకు కాదు, మొదటి మాట అనడానికి ఆయన ఎంత దిగమింగుకున్నాడో తెలిసి.

ఊళ్లో ఉన్న రెండు మేకలు అమ్మి, డీసీఎం వ్యాను మాట్లాడి, మూడు వేల గూన తరిగొప్పుల నుంచి తెప్పించాడు. గడ్డి పరచి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పేర్చి తెస్తే దారిలో పగిలినవి పదకొండు. నాలుగు రోజుల్లో తలుపు నిలబడింది, కప్పు ఎక్కింది. ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం తలుపులు మూశారు. ఆమె వద్దన్నా వినకుండా కట్టె పట్టుకుంది, కుర్చీలో కూర్చునే. నేల మీద చుక్కలు చుక్కలుగా వెలుతురు. ఆమె రెండు కొట్టింది. పైనుంచి మూడు వచ్చాయి.

సుమిత్ర ఏడ్చింది. ఏడుస్తూనే, "దిగినంక జెప్త నీ సంగతి!" అని అరిచింది. పైన ఆయన నవ్వడం వినిపించింది.

ఒక నెల ఆమె బాగా ఉంది. ఆటోలో దవాఖాన, ఆటోలో ఇల్లు. బయట నలభై ఐదు డిగ్రీలున్నా లోపల దుప్పటి కప్పుకుని నిద్రపోయిన రోజులున్నాయి. సీసాలో మధ్యాహ్నం గీత దగ్గర నీళ్లు మిగిలేవి. హన్మంతు పొద్దున అడ్డా మీద నిలబడి దొరికిన కూలికి పోయేవాడు. కుండ యథాప్రకారం బయటే, తలుపు పక్క రాయి మీద. ఇంట్లోకి నల్లా లేదు. నీళ్లు మూడు ఇళ్ల అవతల బోరు నుంచి, అదీ పొద్దున ఓ గంటే వచ్చేవి.

వైశాఖం వెళ్తుండగా ఇక్కడి కోతులకు ఈ ఇంటి ఆనవాలు తెలిసింది. రేకుల మీద వాటి కాళ్లు కాలుతాయి. ఊరి చివర గూన ఇల్లు ఇదొక్కటే. అవీ చల్లటి చోటు వెతుక్కున్నాయి మరి, తిట్టుకుని ఏం లాభం? రోజు విడిచి రోజు హన్మంతు పైకెక్కాల్సి వచ్చింది. వడిసెలతో రాళ్లు విసిరాడు, పటాకులు కాల్చాడు. మూక అవతలి తోటలోకి పోయి, ఆయన కూలికి పోగానే తిరిగొచ్చేది.

రోహిణి కార్తె వచ్చిన మూడో రోజు పొద్దున ఆరింటికే దవాఖానకు పోయారు. ఆ రోజు మిషన్ మీద ఆమెకు బీపీ పడిపోయింది. పదకొండు దాటాక ఆటో దిగితే, వాకిలంతా పెంకు ముక్కలు. తలుపు పక్క కుండ బద్దలై, కింద మట్టి అప్పుడే ఆరిపోయింది. లోపల మంచం మీద, పొయ్యి మీద, నేల మీద ఎండ పడి ఇల్లు కుతకుత ఉడుకుతోంది. సుమిత్ర గోడకు ఆనుకుని జారి కూర్చుంది. నాలుక పిడచగట్టుకుపోయింది. సీసా వైపు చూసి, కళ్లు తిప్పుకుంది.

హన్మంతు ఆ కళ్లు తిప్పుకోవడం చూశాడు. అంతే, నిచ్చెన అందుకున్నాడు.

"గిప్పుడొద్దు. పొద్దు గుంకినంక ఎక్కు" అంది ఆమె.

"పొద్దు గుంకితె నీకు సందులెట్ల కనవడతయి? నువ్వు లేవకు. మంచం మీదికెల్లే కట్టెతోని చూపియ్యి. గంటల అయిపోతది."

సాగర్ అప్పుడే ఫోన్ చేశాడు. ఆమె చెప్పింది, "నువ్వన్న చెప్పురా మీ బావకు" అని. సాగర్ కేకలేశాడు, "బావా, టీవీల చెప్తున్నరు, బయట తిరగొద్దంటున్నరు!" హన్మంతు ఫోన్ ఆమె చేతికిచ్చేసి, తువ్వాల నెత్తికి చుట్టుకుని ఎక్కాడు. పని దగ్గర సలహా చెబితే వినే మనిషేనా?

ఆమె మంచం మీద పడుకుని కట్టె ఎత్తింది. రెండు కొట్టింది. పైన పెంకు గీరుకున్న చప్పుడు, రెండు దెబ్బలు. వెలుతురు పోయింది. ఇంకోచోట. మళ్లీ ఇంకోచోట. పొయ్యి మీది ఎండ పోయింది, మంచం మీదిది పోయింది. ఒక్కొక్కటీ ఆరిపోతుంటే ఇల్లు మెల్లమెల్లగా చీకటై, ఆ చీకటితోపాటే చల్లబడుతూ వచ్చింది. ఆమె ఒంటి మీది చెమట ఆరింది. చివరకు తలుపు దగ్గర ఒక్క చుక్క మిగిలింది. ఆమె కట్టె చాచి రెండు కొట్టింది. పైనుంచి మూడు వచ్చాయి. ఈసారి చాలా నెమ్మదిగా, ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎడం ఇచ్చి. ఆటపట్టిస్తున్నాడనుకుంది. అరవడానికి ఓపిక లేదు, నవ్వుకుని కళ్లు మూసుకుంది. పొద్దుటి నుంచి మిషన్ మీద పిండేసిన ఒళ్లు, చల్లటి గాలి తగలగానే నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి ఇల్లు ఎంత చల్లగా ఉందంటే, ఆమెకు మొదట తాను జాల్యా వాళ్లమ్మ ఇంట్లో ఉన్నానేమో అనిపించింది. తర్వాత గోడ వైపు చూసింది. ఆ ఒక్క వెలుతురు చుక్క అలాగే ఉంది. నేల మీద తలుపు దగ్గర ఉన్నది, పాకి పాకి ఎదుటి గోడ ఎక్కి, ఎర్రబడింది. అది పోనేలేదు. ఎవరూ సర్దలేదు.

ఆమె కట్టె తీసుకుని రెండు కొట్టింది. ఆగింది. మళ్లీ రెండు కొట్టింది. "ఓ ఇంటున్నవా?" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకే తెలియదు, కట్టె కొసతో పెంకులు పగిలి మీద పడేదాకా కొట్టింది. ఆ చప్పుడుకే పక్కింటివాళ్లు వచ్చారు.

కబురందుకుని వచ్చిన సాగర్ ఎక్కి చూశాడు. హన్మంతు చూరు దగ్గర బోర్లా పడి ఉన్నాడు, జారిపోకుండా ఒక కాలు వాసానికి తన్ని పెట్టి. చేతి కింద ఒక గూన ఉంది, పగల్లేదు. ఒళ్లు అప్పటికీ కాలుతోంది, ఎండకో, జ్వరానికో. ప్రాణం మాత్రం లేదు.

సుమిత్ర చూపు సీసా మీద పడింది. పొద్దున నింపినది, మూడు గీతలూ నిండుగా అలాగే ఉంది. బయట కుండ పగిలింది. బోరు అప్పటికే కట్టేశారు. ఊరంతా ఉడుకుతున్న ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్న నీళ్లు ఈ అరలీటరే, అవి తనవి. అడగడు. అడిగినా తన ముందు తాగడు. ఆమెకు అన్నీ ఒక్కసారిగా అర్థమై, సీసా తీసి గోడకేసి కొట్టింది.

అమర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కళ్లు తుడుచుకున్నాడు కూడా. కానీ నలుగురూ శవాన్ని లోపలికి మోయబోతే గుమ్మానికి అడ్డం నిలబడి సాగర్‌కు చేతులు జోడించాడు.

"పైన వోతె ఇంట్ల వోయినట్టు గాదు గదా అన్నా. లోపటికి మాత్రం తేవొద్దు. ముందే మాట అనుకున్నం."

ఎవరి కోసం అనుకున్న మాటో అందరికీ తెలుసు. తరిగొప్పుల తీసుకుపోదామంటే బండి పొద్దున గానీ దొరకదన్నారు. వాకిట్లో, పెంకు ముక్కలు ఊడ్చిన చోట, తడిపిన గోనెపట్టా మీద పడుకోబెట్టారు. మర్నాడు ఎనిమిదింటికే ఎండ ఆయన కాళ్ల మీదికి వచ్చింది.

చూడవచ్చినవాళ్లు కాసేపు బయట నిలబడి, ఆ ఎండకు తాళలేక ఒక్కొక్కరే లోపలికి పోయి కూర్చున్నారు. కొంగులతో ముఖాలు తుడుచుకున్నారు. సాగర్ వాళ్ల పక్క గదిలో ఉండే ఒక అవ్వ కప్పు వైపు తలెత్తి చూసి, బయటికి వినపడేలా అంది.

"ఎంత సల్లగున్నదే ఇల్లు! ఎవలు కప్పిండ్రమ్మా గూన?"

సాగర్ వచ్చి అక్క భుజం పట్టుకున్నాడు. "అక్కా, లోపట కూసో. రేపు నీకు మల్ల మిషన్ ఉన్నది. ఎండ కొడితె దూపైతది."

సుమిత్ర కదల్లేదు. ఆయన నెత్తి మీద తన కొంగు పరచి, ఎండ అటు జరిగితే తానూ అటు జరిగింది.

"దూప గానియ్యి" అంది.